స్వేడ్ సోల్ నల్లబడి జారుతుంటే ఏం చేయాలి, ఏం పూయకూడదు

మీ ప్రశ్న చదివాను. కొన్న కొత్తలో హాయిగా ఆడిన మీ డాన్స్ షూల స్వేడ్ సోళ్లు, అంటే నూగు తోలు అడుగుభాగాలు, ఆరు నెలలు తిరక్కుండానే నల్లగా, నున్నగా తయారై, టర్న్ తీసుకునేటప్పుడు కాలు జారుతోంది. క్లాసులో ఒకరు ఆముదం రాయమన్నారు, మరొకరు తడిగుడ్డ తొక్కి ఆడమన్నారు. వైర్ బ్రష్ కొన్నారు గాని, దానితో రుద్దితే తోలు చిరిగిపోతుందేమోనని పక్కన పెట్టారు. మధ్యలో ఒకరోజు అవే షూలతో వానలో నడవాల్సి వచ్చింది. ఇక కొత్త జత కొనాలా, ఇదే బాగవుతుందా అన్నది మీ సందేహం.

మీరు చెప్పిన లక్షణాలన్నీ చూస్తే ఇదే బాగవుతుందనిపిస్తోంది. నేను చాలా ఏళ్లుగా బాల్‌రూమ్, లాటిన్ నృత్యాలు నేర్పుతున్నాను. విద్యార్థుల షూలు తిరగేసి చూడటం నా పనిలో భాగం. "సోల్ అయిపోయింది" అని తెచ్చే జతల్లో ఎక్కువ భాగం అయిపోయినవి కావు, ఎన్నడూ బ్రష్ ముఖం చూడనివి. కాబట్టి ఆ బ్రష్‌ను బయటికి తీయండి. ఆముదం సీసాను మాత్రం వెనక్కి పంపించేయండి. ఎందుకో చెబుతాను.

పశువు తోలును మందం మధ్యలో చీలుస్తారు. సూక్ష్మ రంధ్రాలతో గట్టిగా ఉండే పై పొర ఒకవైపు పోతుంది. కింది పొరను గరుకు చక్రాల మీద రాపిడి పెడితే దానిలోని కొల్లాజెన్ పోగుల చివరలు తెగి, లేచి, నూగులా నిలబడతాయి. డాన్స్ సోళ్లకు సాధారణంగా వాడే స్వేడ్ ఇదే. సోల్‌కు ప్రాణం ఆ నూగులోనే ఉంది. రబ్బరు సోల్ నేలను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఒళ్లు తిరిగి, పాదం తిరగకపోతే ఆ మెలిక పోయి మోకాలి మీద పడుతుంది. నున్నటి తోలు సోల్‌ది మరో బాధ, అది పట్టనే పట్టదు. నూగు ఉన్న సోల్ బరువు మోపినప్పుడు నిలుస్తుంది, తిప్పినప్పుడు వదులుతుంది. సల్సా అయినా, టాంగో అయినా, వాల్ట్జ్ అయినా మనం సోల్‌ను అడిగేది ఇంతే.

ఆడుతున్నకొద్దీ నూగు సందుల్లోకి నేల మీది దుమ్ము, పాలిష్‌లోని మైనం, ఎవరో ఒలకబోసిన పానీయంలోని చక్కెర చేరతాయి. లోపలినుంచి పాదం చెమట తోడవుతుంది. పైన మీ బరువు, కింద రాపిడి వేడి, ఈ రెండూ కలిసి దాన్నంతా అణిచి గట్టి పొరగా మారుస్తాయి. మీకు కనిపిస్తున్న నలుపు ఆ పొరదే. దాని కింద నూగు గాలివానకు ఒరిగిన చేనులా పడి ఉంటుంది. కుదుళ్లతో సహా పోలేదు కాబట్టి లేపితే లేస్తుంది.

ఒక పని చేయండి. షూ తిరగేసి దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. బొటనవేలి మొదట్లో, మీరు బరువంతా మోపి గిరికీ తిరిగే చోట, నాణెమంత మచ్చ తళతళలాడుతుంటుంది. గోటితో గీస్తే సన్నటి గీత పడి, అందులో తోలు అసలు రంగు బయటపడుతుంది. ఇప్పుడు పాదం వంపు కింది భాగాన్ని వేలితో తడమండి. హీల్ ఉన్న షూలో ఆ భాగం నేలకు తగలదు కాబట్టి కొన్ననాటి నూగు ఇంకా అక్కడే ఉంటుంది. ఆ స్పర్శను గుర్తుపెట్టుకోండి. బ్రష్ చేస్తున్నప్పుడు మీరు చేరుకోవాల్సింది అక్కడికే. రంగు గురించి బెంగ వద్దు. వాడిన సోల్ మళ్లీ కొత్త సోల్ రంగుకు రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

ఇక బ్రష్. ఉక్కు తీగల బ్రష్ గట్టిగా ఉంటుంది, పేరుకున్న పాత పొరను తీయడానికి అది కావాలి. ఇత్తడి తీగలది మెత్తన, రోజువారీ పనికి బాగుంటుంది. స్వేడ్ బూట్ల పైభాగం దులపడానికి అమ్మే రబ్బరు, నైలాన్ బ్రష్‌లు సోల్ మీద పొరను కదిలించలేవు. తీగలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉన్న చిన్న బ్రష్ చాలు. తుప్పు గీకడానికి వాడే పెద్ద బ్రష్‌లు మాత్రం వద్దు, వాటి తీగలు పోగుల్ని పీకేస్తాయి.

కింద పాత కాగితం పరిచి, డాన్స్ ఫ్లోర్‌కు దూరంగా కూర్చోండి. ఊడే పొడి ఫ్లోర్ మీద పడితే మళ్లీ అందరి సోళ్లకూ అదే అంటుకుంటుంది. ఒక చెయ్యి షూ లోపలికి పెట్టి, సోల్‌ను లోపలినుంచి ఆనించి పట్టుకోండి. ఆసరా లేకుండా రుద్దితే మెత్తటి సోల్ వంగిపోయి ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. బ్రష్‌ను మడమ వైపునుంచి వేళ్ల వైపుకు, పొట్టి పొట్టి గీతలుగా, ఒకే దిశలో లాగండి. గిన్నె తోమినట్టు ముందుకూ వెనక్కూ రుద్దకండి, అడ్డంగానూ వద్దు. ఒత్తిడి తీగల కొసలు మాత్రమే పనిచేసేంత ఉంటే చాలు. తీగలు పక్కకు వంగుతున్నాయంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు. మొదట నల్లటి పొడి రాలుతుంది, తర్వాత బూడిద రంగుది, ఆ తర్వాత తోలు రంగు పోగులు కనిపించడం మొదలవుతుంది. అక్కడ ఆపేయండి. ఆ తర్వాత రాలేది మీ సోలే. బ్రష్ అంచు పైభాగపు శాటిన్‌కు తగిలితే దారాలు లేస్తాయి, అందుకని సోల్ అంచుల దగ్గర బొటనవేలిని అడ్డం పెట్టి చిన్నగా లాగండి.

మడమనుంచి వేళ్ల వైపుకే ఎందుకంటే, పాదం ముందుకు జారినప్పుడు నూగు వెనక్కి ఒరుగుతుంది. ఎదురు దిశలో దువ్వితే అది లేస్తుంది. అయితే టాంగోలోనో, వాల్ట్జ్‌లోనో ఎక్కువగా వెనక్కి నడిచేవారికి, అంటే జతలో అనుసరించేవారికి, సోల్ ముందు భాగంలో నూగు వేళ్ల వైపుకు ఒరిగి ఉండవచ్చు. వేలితో రెండు వైపులా నిమిరి చూడండి. ఏ వైపు నిమిరితే గరుగ్గా తగులుతుందో ఆ వైపుకు బ్రష్ లాగండి. ఈ పరీక్ష ముందు ఎవరు చెప్పిన నియమమైనా, నేను పైన చెప్పినదైనా సరే, పక్కన పెట్టేయవచ్చు.

మీ జతకు ఆరు నెలల పొర ఉంది కాబట్టి ఒకే విడతలో తీయాలని చూడకండి. ఈ రోజు కొంత, రెండు రోజుల తర్వాత కొంత, అలా రెండు మూడు విడతల్లో తీయండి. బ్రష్‌కు లొంగని ఆ నాణెమంత మచ్చ మీద 120 నంబరు శాండ్‌పేపర్‌తో నాలుగైదు సార్లు తేలిగ్గా గీసి, తర్వాత బ్రష్ చేయండి. శాండ్‌పేపర్ పొరను పగలగొట్టడానికి మాత్రమే. దాన్ని అలవాటు చేసుకుంటే సోల్ పలచబడిపోతుంది.

పొర ఒకసారి పోయాక, ప్రతి క్లాసుకు ముందు రెండు మూడు తేలికపాటి గీతలు చాలు. నెలకోసారి బలంగా రుద్దేకంటే ప్రతిసారీ కొద్దిగా దువ్వడమే తోలును ఎక్కువ కాలం ఉంచుతుంది. గట్టిపడని మురికి తేలిగ్గా రాలుతుంది, గట్టిపడ్డాక దానితోపాటు పోగులూ ఊడివస్తాయి. ఆడి వచ్చిన వెంటనే మాత్రం బ్రష్ పట్టకండి. అప్పుడు సోల్‌లో చెమట తడి ఉంటుంది, తడి పోగులు తేలిగ్గా తెగుతాయి. మరో జాగ్రత్త: అప్పుడే బ్రష్ చేసిన సోల్ మీ అలవాటుకంటే ఎక్కువ పట్టు ఇస్తుంది. ఒకటి రెండు పాటలకు మామూలు అడుగులు వేసి, పాదానికి ఆ పట్టు అలవాటయ్యాకే గిరికీలు మొదలుపెట్టండి. ఈ మాట మోకాలి కోసం చెబుతున్నాను, తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పుడు ఆముదం సంగతి. మీకు చెప్పినవారు కల్పించి చెప్పలేదు. బాల్‌రూమ్ నర్తకులు జారే నేల మీద సోల్‌కు ఆముదం చుక్క రాసుకోవడం పాత పద్ధతే. ఆముదం చిక్కగా, జిగటగా ఉంటుంది కాబట్టి ఆ పూటకు పట్టు దొరుకుతుంది. కానీ ఆ జిగట సాయంత్రంతో పోదు. నూగులోకి ఇంకి, నేల మీది దుమ్మునంతా తనకే అంటించుకుంటుంది. నాలుగు రోజులకు సోల్ ఇంతకుముందుకంటే నల్లగా, బ్రష్‌కు కూడా లొంగనంత జిడ్డుగా తయారవుతుంది. మీ తర్వాత అదే ఫ్లోర్ మీద ఆడేవారికి నూనె మరక మిగులుతుంది. మామూలు క్లాసుకు ఇది అక్కర్లేని పని.

తడిగుడ్డ అంత చెడ్డది కాదు, కానీ అదీ అప్పు లాంటిదే. చెమ్మ తగిలిన పోగులు ఉబ్బి కాసేపు నేలను పట్టుకుంటాయి. ఆరేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుని బిరుసెక్కుతాయి, ఆపైన మరింత జారతాయి. అప్పుడు మళ్లీ తడి చేయాలనిపిస్తుంది. వేదిక మీదికి వెళ్లబోతూ, నేల జారుడుగా ఉందని అప్పుడే తెలిసి, బ్రష్ చేసినా చాలకపోతే, గట్టిగా పిండిన గుడ్డను ఒకసారి తొక్కండి. ఇంటికొచ్చి, పూర్తిగా ఆరాక, తప్పకుండా బ్రష్ చేయండి. వారం వారం క్లాసులో ఈ అలవాటు వద్దు.

రోజిన్ గురించి మీరు అడగలేదు గాని ఎవరో ఒకరు చెప్పక మానరు. బాలే నర్తకులు తమ షూలకు వాడే ఆ బంక పొడి స్వేడ్‌కు శత్రువు. రాపిడి వేడికి మెత్తబడి నూగులోకి దిగి, చల్లారాక అక్కడే గడ్డకడుతుంది. కొన్ని హాళ్లలో దాన్ని అనుమతించకపోవడానికి కారణం ఫ్లోర్ మీద మిగిలే జిగట. ఇక సోల్ మరీ పట్టేస్తోందని నేల మీద టాల్కమ్ పౌడర్ చల్లేవారున్నారు. ఇది నాకు కోపం తెప్పించే పని. చల్లినవారికి అది ఎక్కడుందో తెలుసు, పక్క జంటకు తెలియదు. పడేది వాళ్లు.

తడి నిరోధించే స్ప్రేలు, తోలు మెత్తబరిచే క్రీములు పైభాగానికి వాడుకోండి, సోల్‌కు మాత్రం తగలనివ్వకండి. స్ప్రే కొట్టేముందు సోల్ మొత్తాన్ని కాగితం టేపుతో కప్పేయండి.

వాన విషయానికి వద్దాం. తడిసిన రోజున చేయాల్సింది ఇది: పొడిగుడ్డతో అద్ది, లోపల అచ్చు లేని తెల్ల కాగితం ఉండలు కూరి, అవి చెమ్మగిల్లినప్పుడల్లా మార్చుతూ, షూను పక్కకు పడుకోబెట్టి నీడలో ఆరనివ్వాలి. ఎండలో, హీటర్ దగ్గర, హెయిర్ డ్రైయర్ కింద పెట్టకూడదు. తడి తోలు వేడికి ముడుచుకుంటుంది, సోల్‌ను పట్టి ఉంచిన జిగురూ మెత్తబడుతుంది. మీది ఎప్పుడో ఆరిపోయింది కాబట్టి ఇప్పుడు చూడాల్సినవి రెండు. సోల్‌ను చేత్తో మెల్లగా వంచండి. అట్టలా బిరుసుగా ఉంటే బ్రష్ తర్వాత కొంత మెత్తబడుతుంది, మిగతాది ఆడుతుంటే సర్దుకుంటుంది. తర్వాత అంచు చుట్టూ గోరు పోనివ్వండి. ఎక్కడైనా విడిపోయి ఉంటే ఇప్పుడే అతికించాలి, లేకపోతే టర్న్‌లో ఆ లేచిన అంచు నేలకు తట్టుకుని మిమ్మల్ని పడేస్తుంది. చెప్పులు బాగుచేసేవారు వాడే కాంటాక్ట్ జిగురును రెండు వైపులా పలచగా పూసి, చేతికి అంటుకోనంతవరకు ఆరనిచ్చి, గట్టిగా అదమండి. సూపర్ గ్లూ వాడకండి. అది గాజులా గట్టిపడి, సోల్ వంగిన మొదటిసారే పగులుతుంది.

చూయింగ్ గమ్ అంటుకుంటే గోకకండి. షూను సంచిలో పెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచితే గమ్ పెళుసుబారి ముక్కలుగా ఊడుతుంది. మైనానికీ ఇదే ఉపాయం. నూనె మరక పడితే మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా వదిలేసి, మర్నాడు ఒక్క రవ్వ మిగలకుండా బ్రష్ చేయండి, మిగిలితే జారుతుంది. సబ్బు నీళ్లతో సోల్ కడగడం ఏ మరకకూ మందు కాదు.

నేలలన్నీ ఒకటి కావు, అందుకే ఒకే సోల్ ఒక హాల్లో జారి ఇంకో హాల్లో పట్టేస్తుంది. పాలిష్ ఎక్కువైన చెక్క నేల మీద క్లాసు మధ్యలో కూడా ఒకసారి బ్రష్ అవసరం కావచ్చు. వినైల్ డాన్స్ షీట్ల మీద స్వేడ్ మామూలుకంటే ఎక్కువ పట్టేస్తుంది, అక్కడికి వెళ్లేముందు బ్రష్ చేయకపోవడమే మేలు. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజున నూగు ఆ చెమ్మను పీల్చుకుని పట్టు పెరుగుతుంది. ఏసీతో గాలి పొడిబారిన గదిలో తగ్గుతుంది. కాంక్రీటు, గరుకు రాయి మీద అయితే పాత జతతోనే ఆడండి. ఆ నేలలు సోల్‌ను అరగదీసేస్తాయి.

మీరు వానలో నడిచిన సందర్భం అనివార్యమే అనుకుందాం, కానీ వాన లేని రోజున కూడా ఈ షూలతో గడప దాటకండి. బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా మార్చుకోవాల్సిందే. అక్కడి తడి నేల మీద రెండడుగులు వేస్తే చాలు, ఆ చెమ్మకు హాల్లోని దుమ్మంతా అంటుకుంటుంది. గాలి ఆడే గుడ్డ సంచిలో తీసుకెళ్లి, హాల్లో వేసుకుని, అక్కడే విప్పేయండి. వైర్ బ్రష్‌కు మూత లేకపోతే విడిగా గుడ్డలో చుట్టండి. అదే సంచిలో వదిలేస్తే శాటిన్‌ను గీరేస్తుంది.

ఇంటికి రాగానే షూలను సంచిలోంచి బయటికి తీయండి. పాదం చెమట లోపలి అట్టనుంచి సోల్ వైపుకు దిగుతుంది, అది ఆరడానికి ఒక రోజు పడుతుంది. వరుసగా రోజూ ఆడేవారికి రెండు జతలు ఉండటం విలాసం కాదు, మార్చి మార్చి వేసుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి మర్చిపోతే బూజు పడుతుంది. పడితే ఆరుబయట దులిపి, నీడలో గాలికి ఆరబెట్టి, ఆ తర్వాత సోల్ బ్రష్ చేయండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయడం కూడా అంతే చేటు, ఆ వేడికి జిగురు వదులవుతుంది.

పైభాగం గురించి క్లుప్తంగా: శాటిన్‌ను చల్లటి నీటిలో పిండిన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ముందు కనబడని చోట రంగు వదులుతుందేమో చూసుకోండి. పేటెంట్ లెదర్, అంటే అద్దంలా మెరిసే తోలు, షూలు ఒకదానికొకటి రాసుకుని అతుక్కుంటుంటే లోపలి పక్కల మీద వాజలీన్ పలచగా రాయండి. ఇక్కడ ఆముదం వాడేవారూ ఉన్నారు, దానికీ నాకు అభ్యంతరం లేదు, సోల్ మీదికి పాకనంతవరకు.

హీల్ చివరి టోపీని కూడా చూస్తుండండి. అరిగిపోతే లోపలి మేకు బయటికొచ్చి ఫ్లోర్‌ను గీరుతుంది. ప్లాస్టిక్ హీల్ తొడుగులు వాడేవారు వాటి అడుగున గుచ్చుకున్న ఇసుక రేణువుల్ని ఏరేయాలి, అవీ గీతలు పెడతాయి.

మూడు విడతల బ్రష్ తర్వాత కూడా ఆ మచ్చ దగ్గర నూగు లేవకపోతే, లేదా తోలు పలచబడి కింది పొర కనిపిస్తుంటే, అప్పుడు సోల్ మార్చే వేళ అయినట్టు. అప్పుడు కూడా కొత్త షూలు కొనక్కర్లేదు. పైభాగం మీ పాదానికి సర్దుకుని, పాదం వంపు కింద షూ లోపల ఉండే ఉక్కు పట్టీ విరగకుండా ఉంటే సోల్ ఒక్కటే మార్పించుకోవచ్చు. పట్టీ విరిగిందో లేదో తెలియాలంటే షూను రెండు చేతులతో వంచి చూడండి. ముందు భాగంలో వంగాలి, పాదం వంపు దగ్గర వంగకూడదు. అక్కడ వంగినా, కటుక్కుమన్నా ఆ షూతో ఆడటం మానేయండి.

సోల్ మార్చేవారికి నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి. డాన్స్ కోసమని, స్వేడే కావాలని, నూగు వైపు బయటికి ఉండాలని, మందం 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో చాలని. చెప్పకపోతే మంచి ఉద్దేశంతోనే రబ్బరు షీటు వేసి, అంచుకు పాలిష్ కూడా పెట్టి ఇస్తారు. వేరే దారి లేనప్పుడు అతికించుకునే స్వేడ్ షీట్లు పనికొస్తాయి, కాని వాటిని అతికించేముందు పాత పొరను పూర్తిగా గీకకపోతే వేళ్ల దగ్గరే మొదట లేస్తాయి. కొత్త సోల్ మీద నూగు పొడుగ్గా, వదులుగా ఉంటుంది. మొదటి కొన్ని గంటలు ఆడేటప్పుడు పొడి రాలుతుంది, పట్టు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అనిపిస్తుంది. అప్పుడే బ్రష్ పట్టుకోకుండా ఆ గంటల్ని సాధనలో గడిపేయండి. ప్రదర్శన దగ్గరపడ్డాక సోల్ మార్పించకండి, కనీసం రెండు వారాల ముందే ఆ పని ముగించుకోండి.